వాన పడగానే వీధిలో మ్యాన్‌హోల్ ఎందుకు పొంగుతుంది?

ప్రశ్న (పాతకాలనీవాసి):
గంటసేపు గట్టివాన పడితే చాలు, మా గేటు ముందున్న మ్యాన్‌హోల్ మూత కొట్టుకుంటూ లేస్తుంది, మురుగంతా రోడ్డు మీదికి, అక్కడ్నుంచి సెల్లార్‌లోకి వచ్చేస్తుంది. మిగతా రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. మర్నాడు నల్లా వదిలాక మొదట కాసేపు నీళ్లు వాసన కూడా వస్తున్నాయి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. అసలు వాననీళ్లూ మురుగూ ఒకే పైపులో పోతాయా? ఎవర్ని అడగాలి?

జవాబు (రిటైర్డ్_ఏఈ):
మీది ఏ ఊరో రాయలేదు, నాకు బాగా తెలిసిన హైదరాబాద్ లెక్క చెప్తానండీ. అక్కడ మంచినీళ్లు, మురుగు రెండూ 1989లో ఏర్పడ్డ జలమండలి చూస్తుంది. వరద కాలువలు, నాలాలు నగరపాలక సంస్థ పని. రెండు దారులూ వేరుగా ఉండాలి, కానీ చాలాచోట్ల మన కాంపౌండ్ లోపలే కలిసిపోతున్నాయి. డాబా మీది వాన పైపును దించి, దగ్గర్లో ఉంది కదా అని బాత్‌రూం చాంబర్‌లో కలిపేస్తారు.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. 300 గజాల డాబా అంటే సుమారు 250 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల వాన పడితే దాని మీంచి దిగేది 12,500 లీటర్లు. అదే బిల్డింగ్‌లో 40 మంది ఉంటే, మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగు అనుకున్నా, రోజుకు సుమారు 4,300 లీటర్లే. అంటే దాదాపు మూడు రోజుల మురుగంత నీరు ఒక్క గంటలో అదే పైపులోకి వెళ్తోంది. వీధిలో ఇరవై ఇళ్లు ఇదే పని చేస్తే ఆ నీరు ఎక్కడికి పోతుంది? పల్లంలో ఉన్నవాళ్ల గేటు ముందు పైకి తన్నుతుంది.

జవాబు (నీళ్లబిందె):
వాసన సంగతి తేలిగ్గా తీసుకోకండి. నల్లా రోజంతా రాదు కాబట్టి సప్లై ఆగాక పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి ఉండదు. ఎక్కడైనా పగులుంటే, పక్కన నిలిచిన మురుగును లోపలికి పీల్చుకుంటుంది. ఎల్లంపల్లి నుంచి గోదావరిని, నాగార్జునసాగర్ నుంచి కృష్ణను వంద కిలోమీటర్ల పైచిలుకు తోడి తెచ్చి శుద్ధి చేసిన నీళ్లు మన గడప దగ్గర పాడైపోతున్నాయి. 2009లో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు, అది మర్చిపోకూడదు. మొదట వచ్చే నీళ్లు సంపులోకి వదలకండి. లైన్‌మన్‌ను పిలిచి క్లోరిన్ టెస్ట్ చేయమనండి, చుక్కలు వేస్తే నీళ్లు పసుపురంగుకు తిరగాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అప్పటిదాకా కాచి తాగండి. హైదరాబాద్ అయితే 155313కి ఫోన్ చేసి, ‘నీళ్లు కలుషితం’ అని, ‘మురుగు పొంగుతోంది’ అని రెండు కంప్లయింట్లు విడివిడిగా ఇవ్వండి.

జవాబు (బస్తీ_అన్న):
అన్నా, ఒక్క మాట. నీళ్లు నిలిచినయని ఎవరూ మ్యాన్‌హోల్ మూత ఎత్తొద్దు. నీటికింద తెరిచిన గుంత కనబడదు, మనిషి పడితే దొరకడు. ఎత్తిన మూతలోంచి మట్టి, కవర్లు, కొబ్బరిచిప్పలు అన్నీ లోపలికి పోయి తర్వాత లైనే జామ్ అయితది. దాన్ని జోరుగ నీళ్లు కొట్టే జెట్టింగ్ మెషిన్‌తోనే తీయించాలి. మనుషులతోని మురుగు ఎత్తించొద్దని 2013 చట్టం వచ్చినంక కూడా మనిషిని లోపలికి దింపుతామనేటోళ్లు ఉన్నరు, ఎవరన్నా అట్లంటే మీరే ఆపండి.

పాతకాలనీవాసి:
అందరికీ థ్యాంక్స్ అండీ. మా పైపు ఎక్కడ కలిసిందో తెలుసుకోవడం ఎలా? ఇంకుడు గుంత తవ్విస్తే సరిపోతుందా?

జవాబు (రిటైర్డ్_ఏఈ):
వాన లేని రోజున బకెట్ నీళ్లలో ముగ్గు రంగు కలిపి డాబా మీది పైపులో పోయండి. కాంపౌండ్ లోపలి చాంబర్ మూత తీసి పెట్టి చూడండి, రంగు అక్కడ కనబడితే కలిసినట్టే. ఒక్కో పైపుకూ ఒక్కో రంగు వాడితే ఏది ఎటు పోతోందో తెలిసిపోతుంది. విడదీయడం ప్లంబర్‌కు పెద్ద పనేం కాదు. ఇంకుడు గుంత తప్పకుండా తవ్వించండి, కానీ కింద రాయి తగిలితే నీరు నెమ్మదిగా ఇంకుతుంది. అందుకని గుంత నిండాక పొంగే నీటికి పైన ఒక పైపు పెట్టి వరద కాలువలోకి తిప్పాలి, మళ్లీ చాంబర్‌లోకి మాత్రం కాదు. మీ వీధిలో వరద కాలువే లేకపోతే, కాలనీవాళ్లంతా సంతకాలు పెట్టి మున్సిపల్ ఇంజినీరుకు అర్జీ ఇవ్వండి. దాంతోపాటు, వాన పడుతున్నప్పుడు నీళ్లు ఎటునుంచి ఎటు పారుతున్నాయో తీసిన వీడియో కూడా ఇవ్వండి, కాలువ వాలు ఎటు పెట్టాలో వాళ్లకు అందులోనే తెలుస్తుంది.