మండపం పర్మిషన్ ఫారంలో మా జిల్లా రావట్లేదు, అర్జెంట్

చవితి_కుర్రాడు: మూడు గంటల నుంచి దీని మీదే కూర్చున్నా. పేరు, ఫోన్, కమిటీ సభ్యులు, విగ్రహం ఎత్తు అన్నీ నింపాను. తీరా చూస్తే జిల్లాల లిస్టులో మాది లేదు. నెట్ సెంటర్ వాళ్లూ చేతులెత్తేశారు. ఎల్లుండే పండగ, ఎవరైనా చెప్పండి బాబూ.

తీగల_మేస్త్రి: ఏ ఊరు?

చవితి_కుర్రాడు: తణుకండి. వాట్సాప్‌లో వచ్చిన పోలీసు లింకే.

తీగల_మేస్త్రి: అది తెలంగాణ వాళ్లది. ఆంధ్రాకి గణేశ్‌ఉత్సవ్ డాట్ నెట్. మొదటి నుంచి నింపుకోండి.

రూలు_పుస్తకం: ఒక మాట. తెలంగాణలో ఇచ్చేది ఇంటిమేషన్, అంటే సమాచారం. మీకు కావలసింది ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. రెంటినీ పర్మిషన్ అనేస్తే ఎలా?

గోదారి_గట్టు: ఏదైతేనేం సార్, ఎస్సై గారు అడిగితే చూపించే కాగితమేగా. క్యూఆర్ కోడ్ ఉన్న ప్రింటు తీసి, లామినేషన్ చేయించి పందిట్లో కట్టండి. వానకి తడిస్తే స్కాన్ అవ్వదు.

చవితి_కుర్రాడు: చలానా ఎంత? ఎదురుగా నర్సింగ్ హోమ్ ఉంది, ఏమన్నా అంటారా?

గోదారి_గట్టు: చలానాలు 2024లోనే తీసేశారు.

రూలు_పుస్తకం: నర్సింగ్ హోమ్ సంగతి ఇప్పుడా చెప్పేది! మైకుకి రాతపూర్వక అనుమతి తప్పనిసరి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. ఎన్‌ఓసీలో మైకు అని రాశారో లేదో చూసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బంద్. 12 దాకా సడలింపు ప్రభుత్వం ఇస్తేనే, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. అందరూ 75 డెసిబెల్స్ అని పట్టుకుంటారు. ఆ ఏరియా పరిమితికి 10 కలిపితే వచ్చే అంకె ఒకటి, 75 ఒకటి, ఈ రెంట్లో ఏది తక్కువైతే అది. ఇళ్ల మధ్య పగలు 55, అంటే మీకు 65. ఆసుపత్రికి 100 మీటర్లలోపు సైలెన్స్ జోన్, ఇంకా తక్కువ.

గోదారి_గట్టు: 2017 సవరణ తర్వాత ప్రభుత్వం నోటిఫై చేస్తేనే సైలెన్స్ జోన్. ఆసుపత్రి ఉన్నంత మాత్రాన కాదు.

రూలు_పుస్తకం: నోటిఫై చేయలేదని రోగి చెవిలో డీజే పెడతారా?

గోదారి_గట్టు: నేనలా అన్నానా? బాక్సులు అటు తిప్పొద్దు, అంతే.

తీగల_మేస్త్రి: మైకు గొడవ ఆపండి. కరెంటు ఎక్కణ్నుంచి? స్తంభానికి కొక్కెం వేయకండి, సెక్షన్ ఆఫీసులో తాత్కాలిక కనెక్షన్ అడగండి. 30 మిల్లీ ఆంప్స్ ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టి, రోజూ టెస్ట్ బటన్ నొక్కి చూడండి. సీరియల్ లైట్ల జాయింట్లు నేల మీద వదలొద్దు, టేపు చుట్టినా నీళ్లు లోపలికి పోతాయి. ఇంతకీ పందిరి వెదురా, ఇనుప పైపులా? పైపులైతే వాటికీ ఎర్త్ ఇవ్వాలి. ట్రాక్టరు మీద విగ్రహం ఎక్కించాక మొత్తం ఎత్తు కొలిచి, దారిలో వైర్లు చూసుకోండి.

చవితి_కుర్రాడు: సబ్మిట్ అయింది, థాంక్సండి. పైపులే. పందిరికి కూడా ఎర్తా??