ముఖ్యమంత్రిగా పీవీని దించింది ముల్కీ తీర్పా, భూపరిమితి చట్టమా?

గోదారిగట్టు:
ఏటా జూన్ 28న టీవీలో పీవీ నరసింహారావు గారి జయంతి వార్త రాగానే మా ఇంట్లో వాదన మొదలవుతుంది. మా నాన్న 1972లో కాకినాడలో డిగ్రీ చదివేవారు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం సాగిన జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూతపడి ఆయనకు ఒక ఏడాది పోయింది. "ప్రధానిగా గొప్పవాడే, కాదనను. ముఖ్యమంత్రిగా మాత్రం రాష్ట్రాన్ని నడపలేకపోయాడు" అంటారు. మా మామగారిది హన్మకొండ. "భూములు పోతాయన్న భయంతో పెద్ద భూస్వాములే ముల్కీ పేరు చెప్పి ఆయన్ని దించారు" అని ఆయన మాట. ముల్కీ అంటే హైదరాబాద్ సర్కారు ఉద్యోగాలు అక్కడివాళ్లకేనన్న నిబంధన; భూముల భయం ఒక కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదనే భూపరిమితి చట్టం వల్ల. పీవీ 1971 సెప్టెంబరు 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవిలోకి వచ్చి 1973 జనవరిలో దిగిపోయారు. పదిహేను నెలలు. ఇద్దరూ ఆ కాలం చూసినవాళ్లే, ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. తెలిసినవాళ్లు చెప్పండి, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

మానేరుతీరం:
నేను మీ మామగారి వైపు. అయితే ఆ పదిహేను నెలలు అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలండి.

పీవీ పుట్టింది నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో, 1921లో. దత్తత వెళ్లింది వంగరకు. బాగా భూములున్న ఇల్లు. 1938లో వందేమాతరం పాడినందుకు నిజాం రాజ్యంలో కాలేజీ నుంచి పంపేస్తే పుణె ఫెర్గుసన్ కాలేజీలో, తర్వాత నాగపూర్‌లో చదువుకున్నారు. లా పూర్తిచేసి హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియర్‌గా చేరారు. 1947-48లో నిజాం మీద పోరాటంలో చాందా (ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్) సరిహద్దు క్యాంపులో పనిచేశారు. హైదరాబాద్ రాష్ట్ర కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ వర్గం మనిషి. వరంగల్ నుంచి కాకతీయ పత్రిక నడిపారు.

1952లో లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. ఓడించింది బద్దం ఎల్లారెడ్డి, కమ్యూనిస్టు నాయకుడు. కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఆగి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. భూమి ప్రశ్న పల్లెను ఎలా కదిలిస్తుందో ఒక భూస్వామి కొడుక్కి ఓట్ల లెక్కలో కనబడింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన భూపరిమితిని అంత పట్టుదలగా ఎత్తుకోవడానికి బీజం అక్కడే పడిందని నా నమ్మకం. 1957 నుంచి మంథనిలో అసెంబ్లీకి వరుసగా నాలుగుసార్లు గెలిచారు, 1962 నుంచి మంత్రి. ఈ మనిషికి పాలన తెలియదంటే నేను ఒప్పుకోను.

కృష్ణలంక:
మీరు చెప్పిన జీవితం నిజమే. కానీ దాంతో ముల్కీ ప్రశ్న పోదు.

ముల్కీ నిబంధనలు నిజాం కాలం నాటివి. హైదరాబాద్ రాజ్యంలో 15 ఏళ్లు నివాసం ఉన్నవాళ్లకే అక్కడి సర్కారు ఉద్యోగాలు. 1972 ఫిబ్రవరిలో హైకోర్టు అవి చెల్లవంది. అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెల్లుతాయంది. అంటే రాష్ట్రం ఏర్పడ్డ పదహారేళ్లకు కూడా రాజధానిలో ఉద్యోగానికి గుంటూరు కుర్రవాడు, కర్నూలు కుర్రవాడు పరాయివాళ్లే అని తేలింది. ఆ సమయంలో అందరికీ ముఖ్యమంత్రి అయిన మనిషి ఏమన్నారు? తీర్పు అంతిమం, అమలు చెయ్యాల్సిందే అన్నారు. చట్టపరంగా తప్పు లేదు. కానీ మంట మీద ఉన్నవాడికి కావలసింది చట్టం కాదు, మాకూ దారి ఉందన్న ఒక్క భరోసా. ఉపముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి గారే రాజీనామా చేసి ఉద్యమంలోకి వెళ్లారు. ఎన్జీవోలు (ప్రభుత్వ ఉద్యోగులు) సమ్మెకు దిగారు. కాల్పుల్లో పిల్లలు పోయారు. వాళ్లలో ఎంతమందికి పది ఎకరాలున్నాయి చెప్పండి? హాస్టల్లో ఉండే కుర్రవాణ్ణి భూస్వామి ఏజెంట్ అనడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకోటి. భూపరిమితి ఆయన ఒక్కరి ఆలోచన కాదు. 1972 జులైలో కేంద్రమే అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు ఇచ్చింది.

మానేరుతీరం:
పిల్లల్ని నేను ఏజెంట్లనలేదు, అలా వినిపించి ఉంటే క్షమించండి. నేను మాట్లాడేది డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ల గురించి.

కేంద్రం మార్గదర్శకాలు జులైలో వచ్చాయి, సరే. భూముల బదిలీలు ఆపింది మాత్రం అంతకు ముందే, 1972 మే 2 నుంచి. బిల్లు రాబోతోందని తెలిస్తే కొడుకులు, కోడళ్లు, పాలేర్ల పేర్ల మీద రాసేస్తారని ఆయనకు తెలుసు. తను పుట్టిపెరిగిన ఇళ్లలో జరిగే పనే కదా. 1961 నాటి పాత చట్టంలో పరిమితి భూమి రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 దాకా ఉండేది, అదీ మనిషికి ఇంత అని. కొత్తదాంట్లో ఐదుగురు కుటుంబానికి తరి (మాగాణి) 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54. 1971 జనవరి 24 తర్వాత రాసిన దస్తావేజులను కూడా బయటికి తీయమన్నారు. తేడా చూడండి! బిల్లు సెప్టెంబరులో సభలో గట్టెక్కింది, అక్టోబరులో రాష్ట్రం అంటుకుంది.

చివరికి ఆ చట్టం ఎప్పుడు అమల్లోకి వచ్చిందో తెలుసా? 1975 జనవరి 1న. ఆయన దిగి రెండేళ్లయ్యాక. ఆ రెండేళ్లు ఎవరికి కలిసొచ్చాయి?

కృష్ణలంక:
కలిసొచ్చింది కాబట్టి వాళ్లే చేయించారనడం సరికాదండి. వర్షం వస్తే గొడుగులవాడికి లాభం, అంతమాత్రాన వాన వాడు కురిపించినట్టా? ముల్కీ తీర్పు తేదీని కోర్టు నిర్ణయించింది, జమీందార్లు కాదు.

మాస్టారు (రిటైర్డ్):
రెండు రోజులుగా చదువుతున్నాను. నాది నల్లగొండ జిల్లా. ఇద్దరూ వదిలేసిన మాట ఒకటుంది.

1969లో మేం ప్రత్యేక తెలంగాణ కోసం రోడ్ల మీద ఉన్నప్పుడు పీవీ అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారి మంత్రివర్గంలోనే ఉన్నారు. ఆ కోపం మాలో చాలామందికి పోలేదు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి 14 సీట్లలో 10 ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి పార్టీకి ఇచ్చింది ఆ కోపమే. ఆ తర్వాత ఇందిరాగాంధీ తెలంగాణ మనిషిని ముఖ్యమంత్రి చేయాలనుకున్నారు, వర్గం లేని మనిషి అయితే మరీ మంచిదనుకున్నారు. పీవీ అలా వచ్చారు. వెనక పెద్ద కులం బలం లేదు, సొంత ముఠా లేదు. 1972 ఎన్నికల్లో వెనుకబడిన వర్గాల వాళ్లకు, కొత్తవాళ్లకు టికెట్లిచ్చి కాంగ్రెస్‌ను 219 సీట్లతో గెలిపించారు. పాత నాయకులకు అది మింగుడుపడలేదు. భూమి చట్టంతో రెండు ప్రాంతాల పెద్దలూ దూరమయ్యారు, ముల్కీ మాటతో ఆంధ్ర మధ్యతరగతి దూరమైంది. కష్టం వచ్చినప్పుడు నా మనిషి అని నిలబడేవాడు ఎటువైపూ లేకపోయాడు. ఆయన పదవి పోయింది అందుకని నేనంటాను. భూమి దొరికే పేదవాడికి అప్పటికింకా పట్టా చేతికి రాలేదు, వాడు ఏం చూసి రోడ్డెక్కుతాడు?

విఫలుడు అనే మాట మాత్రం నేను వాడను. 1968 నుంచి విద్యామంత్రిగా ఉండి తెలుగు అకాడమీ పెట్టించారు, డిగ్రీ పాఠాలు తెలుగులో రావడానికి. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న సర్వేల్‌లో 1971లో గురుకుల పాఠశాల ప్రారంభించారు. అక్కడ చదివిన రైతుకూలీల పిల్లల్ని నేను ఎరుగుదును. ఫీజు లేదు, తిండి, పుస్తకాలు అక్కడే.

గోదారిగట్టు:
మాస్టారూ, మీ పోస్టు మా నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "భూపరిమితి సంగతి మా హాస్టల్లో ఎవరం మాట్లాడుకోలేదురా. ఉద్యోగం రాదనే భయం ఒక్కటే" అన్నారు. కానీ మీటింగులకు లారీలు, భోజనాలు ఎవరు పంపేవారని అడిగితే, మా తాలూకాలో బాగా భూమి ఉన్న రెండు కుటుంబాల సంగతి చెప్పారు. పేర్లు ఇక్కడ రాయను. మా తాలూకా లెక్క ఇది, మిగతాచోట్ల ఎలా జరిగిందో అప్పటివాళ్లే చెప్పాలి.

కృష్ణలంక గారూ, హాస్టల్ పిల్లల గురించి మీరన్నది మా నాన్న రెండుసార్లు చదివించుకున్నారు.