అప్‌డేట్: నాన్నగారి ఐపాడ్‌లోని పాటలు దక్కాయి

నాన్నగారి ఐపాడ్ క్లాసిక్ (ఆపిల్ వాళ్ల పాత మ్యూజిక్ ప్లేయర్) గురించి ఇంతకుముందు అడిగాను. పాటలు ఎక్కించిన పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది, కొత్త ల్యాప్‌టాప్‌లో ఐట్యూన్స్ (ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే ప్రోగ్రామ్) తెరిస్తే ఐపాడ్‌లో ఉన్నవి చెరిపేసి సింక్ చేయాలా, అంటే ల్యాప్‌టాప్‌లో ఉన్నవే ఎక్కించాలా అని అడుగుతోంది, ఏం చేయాలి అని. పని అయింది. సలహా ఇచ్చిన అందరికీ మనసారా థాంక్స్.

ముందు ఆ ప్రశ్నకి క్యాన్సిల్ కొట్టి, ఐట్యూన్స్‌లోనే 'ఎనేబుల్ డిస్క్ యూజ్' టిక్ పెట్టాను. ఐపాడ్ పెన్‌డ్రైవ్‌లా కనిపించింది. విండోస్‌లో హిడెన్ ఫైల్స్ కనిపించేలా చేస్తే ఐపాడ్_కంట్రోల్, దానిలో మ్యూజిక్, దానిలో ఎఫ్00, ఎఫ్01 అంటూ వరుసగా ఫోల్డర్లు. పాట పేరు ఒక్కటీ లేదు! అన్నీ నాలుగేసి ఇంగ్లిష్ అక్షరాలే. గుండె జారిపోయింది. కానీ పేరు, గాయకులు, ఆల్బమ్ వివరాలు ట్యాగుల్లో, ఫైల్ లోపలే ఉంటాయి. ఫోల్డరంతా కాపీ చేసుకుని, ఐట్యూన్స్‌లో 'కీప్ మీడియా ఫోల్డర్ ఆర్గనైజ్డ్' ఆన్ చేసి లైబ్రరీలో చేరిస్తే ఘంటసాల పద్యాలు ఒకచోట, బాలమురళి కీర్తనలు ఒకచోట సర్దుకున్నాయి. విడిగా ఇంకో డిస్క్‌లో కూడా దాచాకే సింక్‌కి ఒప్పుకున్నాను.

ఇలా చేస్తే ప్లేలిస్టులు మాత్రం రావు, అవి మళ్లీ తయారు చేసుకోవాల్సిందే. క్యాసెట్ల నుంచి మార్చిన పాటలకి ట్యాగులే లేవు. అవి ఒక్కొక్కటీ పెడుతుంటే నాన్నగారు పల్లవి అందుకోకముందే పేరు చెప్పేస్తున్నారు, నేను టైప్ చేస్తున్నాను. ఇంకా చాలా ఉన్నాయి.