మంటలు ఊదే మా మేనల్లుడి ఊపిరితిత్తిలోకి కిరసనాయిలు దిగింది. సలహా కావాలి

మా మేనల్లుడు జాతరల్లో డప్పుల ముందు నిలబడి, కిరసనాయిలు పుక్కిట పట్టి కాగడా మీదికి ఊది మంటలు లేపుతాడు. మొన్న ఊరేగింపులో ఊదబోతుంటే పొలమారింది. ఆ రాత్రే జ్వరం, ఊపిరి తీస్తే కుడిపక్క గుచ్చినట్టు నొప్పి. ఎక్స్‌రే చూసి న్యుమోనియా అన్నారు డాక్టరుగారు. కిరసనాయిలు పలచన కదా, కడుపులోకి పోయినదానికన్నా ఊపిరితిత్తిలోకి జారినదే ప్రమాదమట. విదేశాల్లో ఈ విద్య చేసేవాళ్లకీ వస్తుందట, 'ఫైర్ ఈటర్స్ లంగ్' అంటారట. మందులు వాడుతున్నాం.

వాడేమో వచ్చే జాతరకి అడ్వాన్సు తీసుకున్నాను, వెళ్లాల్సిందే అంటున్నాడు. నాకు చాలా భయంగా ఉంది. ఇలా జబ్బుపడి కోలుకున్నవాళ్లు ఉన్నారా? పూర్తిగా తగ్గడానికి ఎన్నాళ్లు పట్టింది? సీటీ స్కాన్ తీయించారా? ఇది మానేసి డప్పుకో కర్రసాముకో మారిన కళాకారులుంటే దయచేసి వాడితో ఒక్కసారి మాట్లాడండి. మా మాట వినట్లేదు.