దగ్గరి చుట్టాలైన మొక్కల్ని విడదీయడానికి పుప్పొడిని నమ్మవచ్చా?

వనజ్యోత్స్న: పూలూ ఆకులూ చూసి తేల్చలేని చోట పుప్పొడి రేణువు ఆకారమే తేల్చేస్తుందని మా సీనియర్లు అంటారు. డీఎన్‌ఏ వచ్చాక దాని పని అయిపోయిందని ఇంకొందరు. మీరేమంటారు?

కేసరి: పని అయిపోవడమేమిటండీ! తామర, కలువ సంగతి చూడండి. రెండూ నీళ్ళలో పెరుగుతాయి, గుండ్రటి ఆకులు, బోలెడు రేకులు. చాలాకాలం వాటిని ఒకే గుంపులో పెట్టారు. కానీ తామర రేణువు మీద మూడు గాడులుంటాయి. కలువ రేణువుకు ఒకటే గాడి, అది చుట్టూ తిరిగి వస్తుంది. మూడు గాడుల పుప్పొడి ద్విదళబీజ మొక్కల్లో అతిపెద్ద శాఖకు గుర్తు. సుమారు 12.5 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాల్లోనే అది కనిపిస్తుంది. 1990లలో డీఎన్‌ఏ చదివాక తామర ఆ శాఖలోకే వెళ్ళింది. రేణువు ఆ మాట ముందే చెప్పింది.

తుమ్మెద: కేసరి గారూ, అది దూరపు చుట్టరికం. అడిగింది దగ్గరివాటి గురించి. గడ్డి కుటుంబమంతటా ఒకే తీరు: నున్నటి రేణువు, ఒక్క రంధ్రం, దాని చుట్టూ ఒక అంచు. మామూలు మైక్రోస్కోప్ కింద పెట్టి ఇది ఫలానా గడ్డి అని చెప్పండి చూద్దాం. ఇంకో చిక్కు కూడా ఉంది. మందార రేణువు, గుమ్మడి రేణువు రెండూ 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటుతాయి, ఒళ్ళంతా ముళ్ళు, చాలా రంధ్రాలు. వాటి కుటుంబాలు వేరు, కుటుంబాల పై మెట్టైన క్రమాలే వేరు. పురుగులకో పిట్టలకో అంటుకుని వెళ్ళే పుప్పొడి కనుక అలా తయారయ్యాయి. పోలిక చూసి చుట్టరికం కలిపేస్తే మునిగిపోతాం.

కేసరి: గడ్డిని చూపించి పుప్పొడినంతా తోసిపారేయడం న్యాయం కాదు. అడ్డసరం కుటుంబానికి రండి. అడ్డసరం రేణువులో రంధ్రాల పక్కన చిన్న చిన్న మచ్చలు వరసగా ఉంటాయి. ముళ్ళగోరింట రేణువు గుండ్రంగా, పైపొర తేనెపట్టు గదుల్లా ఉంటుంది. ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు. 1895లో జర్మన్ శాస్త్రవేత్త లిండౌ ఆ కుటుంబాన్ని చాలావరకు పుప్పొడి ఆధారంగానే విభజించాడు.

తుమ్మెద: ఆయన విభజనలో కొంత భాగం తర్వాత నిలవలేదు కదా. పైగా మీరు చెప్పింది ప్రజాతుల (దగ్గరి జాతుల గుంపుల) మధ్య తేడా. ఒకే ప్రజాతిలోని జాతుల దగ్గరికి వస్తే తరచుగా మిగిలేది సైజు తేడా ఒక్కటే. క్రోమోజోముల సెట్లు పెరిగితే రేణువూ సాధారణంగా పెద్దదవుతుంది. స్లైడు మీద నిలిపేందుకు వాడే గ్లిజరిన్ జెల్లీలో ఉంచితే ఉబ్బుతుంది. రెండు మైక్రాన్ల తేడా చూసి కొత్త జాతి అని ప్రకటిస్తే నేను ఒప్పుకోను.

పరాగిణి: సైజు విషయంలో తుమ్మెద గారితో ఏకీభవిస్తాను. పుప్పొడి శాస్త్రవేత్త ఎర్ట్‌మన్ పద్ధతిలో ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ తొమ్మిది పాళ్ళు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక పాలు కలిపి వేడిచేస్తే లోపలిదంతా పోయి గట్టి పైపొర మిగులుతుంది. (నీటి చుక్క తగలనివ్వకండి, ప్రమాదం.) అలా శుభ్రం చేసిన రేణువును, చేయనిదాన్ని పక్కపక్కన పెట్టి కొలిస్తే ఆ కొలతకు విలువ లేదు. ఒకే మొక్క నుంచి తీసినా అంతే, పలు మొక్కలు కావాలి. అయితే హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే చోట) వందేళ్ళుగా ఎండిన నమూనాలో డీఎన్‌ఏ ముక్కలైపోయినా పైపొర చెక్కుచెదరదు. అందుకే పుప్పొడిని వదలను. గాడుల సంఖ్యకు, పైపొర అల్లికకు ఎక్కువ విలువ ఇస్తాను, సైజుకు తక్కువ. అదీ ఆ కుటుంబంలో రేణువులు ఎంత రకరకాలుగా ఉన్నాయో ముందు చూసుకున్నాకే.

వనజ్యోత్స్న గారూ, మీరు చూస్తున్నది ఏ కుటుంబం? గడ్డి అయితే ఒక జవాబు, అడ్డసరం అయితే ఇంకో జవాబు.