శెనక్కాయ చేన్లో దొరికిన చిన్న రాగి నాణెం: ఏ కాలానిది, ఎలా శుభ్రం చేయాలి?

గుత్తి_రైతుబిడ్డ
అందరికీ నమస్కారం. మాది గుత్తి దగ్గర పల్లె. శెనక్కాయ పీకేటప్పుడు మా అక్క చెవికమ్మ చేన్లో పడిపోయింది, దాన్ని వెతకడానికి మా బావ తెలిసినవాళ్ల దగ్గర మెటల్ డిటెక్టర్ అడిగి తెచ్చినాడు. కమ్మ దొరకలేదు గానీ గట్టు పక్కన మిషన్ కూత పెడితే జానెడు లోతులో ఒక చిన్న బిళ్ళ దొరికింది. చిన్నదే కానీ మందంగా, బరువుగా ఉంది. పైనంతా పచ్చగా పెచ్చు కట్టి, ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఒకవైపు ఏనుగు లాగా కనిపిస్తోంది, రెండోవైపు అక్షరాలో గీతలో తెలియడం లేదు. చింతపండు, ఉప్పు వేసి తోమితే తళతళలాడుతుందని అమ్మ అంటోంది. పక్కింటి మామ ఎవరికీ చూపించొద్దు అంటాడు. ఇంతవరకు నీళ్లు కూడా తగలనివ్వలేదు. ఇది ఏ కాలానిది, ఎలా శుభ్రం చేయాలి, దగ్గర ఉంచుకుంటే పోలీసు కేసు ఏమైనా అవుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

పాతనాణేలు_కడప
తమ్ముడూ, తోమకుండా ఉంచినావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. ముందు అదేంటో తెలుసుకుందాం, శుభ్రం సంగతి తర్వాత.

మన జిల్లాల్లో ఏనుగు బొమ్మ ఉన్న రాగి నాణెం అంటే ఒకటి కాదు, చాలా రకాలు దొరుకుతాయి. శాతవాహనులది అయితే నాణెం రెండోవైపు నాలుగు సున్నాలను అడ్డగీత నిలువుగీతతో కలిపినట్టు ఉండే ఉజ్జయిని గుర్తు ఉంటుంది. విజయనగరం వాళ్లది అయితే, ముఖ్యంగా దేవరాయల కాలంలో, నాణెం రెండోవైపు, హిందీ రాసే నాగరి లిపిలో వరుసలుగా శ్రీ ప్రతాప దేవరాయ అని రాసి ఉంటుంది. 1424 నుంచి 1446 దాకా ఏలిన రెండవ దేవరాయలకి ఏనుగుల వేటగాడని బిరుదే ఉండేది. టిప్పు సుల్తాను పైసా మీద కూడా ఏనుగే, కానీ వెనక పార్సీ అక్షరాలు, టంకశాల పేరు ఉంటాయి. మీ గుత్తిలోనే టిప్పు టంకశాల ఉండేది, కోటకి ఫైజ్ హిసార్ అని పేరు మార్చి ఆ పేరుతోనే నాణేలు కొట్టించినాడు. ఇక ఆ తర్వాత మైసూరు ఒడయార్లవి, ఏనుగు మీద సూర్యచంద్రులు, కన్నడంలో కాసు లెక్క ఉండేవి, అనంతపురం వైపు అవి కూడా తిరిగే ఉంటాయి.

కాబట్టి బంగారు కొట్టుకి వెళ్లి చిన్న తక్కెడ మీద తూకం వేయించు, స్కేలు పెట్టి అడ్డకొలత చూడు. టిప్పు పూర్తి పైసా సుమారు 11 గ్రాములు ఉంటుంది, పావు పైసా మూడు గ్రాముల లోపే. విజయనగర రాగి నాణేలు ఎక్కువగా మూడున్నర గ్రాముల చుట్టూ, చిన్నగా మందంగా ఉంటాయి. పొద్దున ఏటవాలు ఎండలో పెట్టి రెండువైపులా ఫోటో తీయి, ఫ్లాష్ వద్దు. నీడ పడితే అక్షరం దానంతట అదే లేస్తుంది.

స్పీడ్‌బాయ్_ధర్మవరం
ఇంత పెద్ద కథ ఎందుకు బ్రో, రాత్రంతా నిమ్మరసంలో వేసి పొద్దున పీతాంబరితో రుద్దితే కొత్తదిలా వస్తుంది. నేను మా తాత డబ్బులన్నీ అలాగే చేసినా.

కెమిస్ట్రీ_మేడం
దయచేసి అలా చేయకండి. ఇంట్లో రాగిచెంబు కథ వేరు, వందల ఏళ్లు మట్టిలో ఉన్న నాణెం కథ వేరు. చెంబు మీద ఉండేది పల్చటి మకిలి, కింద గట్టి లోహం ఉంటుంది. మట్టిలో ఉన్న నాణెంలో పైలోహమే మారిపోయి ముందు ఎర్రటి ఆక్సైడ్ పొర, దాని మీద పచ్చటి కార్బొనేట్ పొర అవుతాయి. బొమ్మ, అక్షరాలు చాలాసార్లు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి. నిమ్మ, చింతపండు, వెనిగర్ ఆ పొరని కరిగించేస్తే అక్షరం దాంతోపాటే పోతుంది, మిగిలేది గుంటలు పడిన ఎర్రటి రాగి ముక్క. ఉప్పు ఇంకా ప్రమాదం. ఉప్పులోని క్లోరైడ్ రాగిలోకి దిగితే, గాలిలో తేమ తగిలినప్పుడల్లా లోపల్నుంచి తినేస్తూ లేతపచ్చ పొడి రాలుతూ ఉంటుంది. మ్యూజియం వాళ్లు కూడా దీనికి భయపడతారు. యూట్యూబ్‌లో చూపించే సెల్‌ఫోన్ చార్జర్, ఉప్పునీళ్ల పద్ధతి జోలికి అసలు పోవద్దు.

చేయగలిగింది ఇంతే. డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లని కొట్లో అమ్ముతారు, అవి. పొరపాటున యాసిడ్ బాటిల్ తెచ్చుకోకండి. మన బోరు నీళ్లు వద్దు, వాటిలో లవణాలు ఎక్కువ. గాజు గిన్నెలో నానబెట్టి రోజూ నీళ్లు మార్చండి. మట్టి మెత్తబడ్డాక మెత్తటి బ్రష్‌తో తాకీ తాకనట్టు తీయండి. మొండిగా ఉన్నచోట భూతద్దం పెట్టుకుని వెదురు పుల్లతో. సూది, బ్లేడు, ఇసుక కాగితం వద్దు. మట్టి పోయి పచ్చపొర కనిపించగానే ఆగిపోవాలి. తర్వాత పూర్తిగా ఆరబెట్టి గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వాటినుంచి వచ్చే యాసిడ్ నాణేన్ని పాడు చేస్తుంది.

తుంగభద్ర_తీరం
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది నందికొట్కూరు వైపు, మా అవ్వ డబ్బీలో దుక్కిలో ఎప్పుడో దొరికిన బూడిదరంగు బిళ్ళలు ఉన్నాయి, కాగితం మీద గీస్తే పెన్సిల్ గీతలా పడుతుంది, పైన తెల్లపొడి ఉంది. వాటికీ ఇదే పద్ధతా?

కెమిస్ట్రీ_మేడం
కాదండీ, మీరు చెప్పేది సీసం లాగా ఉంది. సీసాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టకూడదు, స్వచ్ఛమైన నీళ్లే దాన్ని తినేస్తాయి. చెక్క బీరువాలో, అట్టపెట్టెలో కూడా పెట్టొద్దు, వాటినుంచి వచ్చే ఆవిరికే ఆ తెల్లపొడి వస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో పొడిగా ఉంచండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకి అందనివ్వకండి.

పాతనాణేలు_కడప
తుంగభద్ర అన్నా, మీ ప్రాంతంలో శాతవాహనుల సీసపు నాణేలు దొరకడం వింత కాదు. తుంగభద్ర ఒడ్డున సాతానికోట తవ్వకాల్లో ఆ కాలం ఊరే బయటపడింది. శ్రీశైలం ముంపులో పోయిన వీరాపురంలో శాతవాహనులవీ, మహారథులనే స్థానిక పాలకులవీ నాణేలు దొరికినాయి. ఏ బిళ్ళ ఏ చేన్లో దొరికిందో అవ్వకి గుర్తుంటే ఇప్పుడే అడిగి రాసిపెట్టండి. నాణెం విలువలో పెద్ద భాగం అదే.

గుత్తి_రైతుబిడ్డ
తూకం వేయించినా. 3.4 గ్రాములు, అడ్డకొలత 14 మిల్లీమీటర్లు. మేడం చెప్పినట్టే నానబెట్టి మట్టి తీస్తే ఏనుగు తొండం, దంతం స్పష్టంగా కనిపించినాయి. వెనక మూడు వరుసలు ఉన్నాయి, పైన హిందీ అక్షరాలకి ఉండే తలకట్టు గీత ఉంది, నడిమి వరుసలో హిందీ వ లాంటి అక్షరం. ఫోటో పెట్టినా చూడండి.

పాతనాణేలు_కడప
తలకట్టు ఉంది కాబట్టి నాగరి, పార్సీ కాదు. టిప్పుది, ఒడయార్లది పక్కకి పోయినాయి. తూకం, మందం, మూడు వరుసలు అన్నీ కలిపితే విజయనగరం, దేవరాయల నాణెమే అంటాను. గుత్తి విజయనగర రాజుల ముఖ్యమైన కోటల్లో ఒకటి, అక్కడ దొరకడం సహజమే. పట్టుకుని చూడకుండా అంతకన్నా గట్టిగా చెప్పడం న్యాయం కాదు. మా కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది, అక్కడ చూపించు.

లా_చదివిన_పెన్నా
కేసు సంగతి నేను చెప్తా. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (భూమిలో దొరికిన నిధుల) చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అని కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. చెప్పినవాళ్లకి భయం లేదు, దాచినవాళ్లకే శిక్ష. అసలు యజమాని లేడని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాళ్లకి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అని కూడా ఆ చట్టంలోనే ఉంది. ప్రభుత్వం కావాలనుకుంటే వెల కట్టి తీసుకుంటుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, ఫోటో జతచేసి ఇచ్చి రశీదు తీసుకో.

ఇంకొకటి. ఆ మిషన్ మళ్లీ తెచ్చి కోట చుట్టూ, పాత గుళ్ల దగ్గర తిప్పే ఆలోచన ఎవరికీ రానివ్వొద్దు. రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే నేరం. మన సీమలో గుప్తనిధులని రాత్రిపూట నంది విగ్రహాలు పగలగొట్టి, గర్భగుళ్లు తవ్విపోసినవాళ్లని చూస్తే నాకు కడుపు మండిపోతుంది, ఒక్క శాసనం పోతే ఆ ఊరి చరిత్రే పోయినట్టు.

గుత్తి_రైతుబిడ్డ
లేదన్నా, మిషన్ తిరిగి ఇచ్చేసినాం. గట్టు దగ్గర ఆ చోటు కొలతలు రాసి, మొబైల్ మ్యాపులో గుర్తు పెట్టినా. అర్జీ తెలుగులోనే రాయొచ్చా?

లా_చదివిన_పెన్నా
రాయొచ్చు. సర్వే నంబరు, తూకం, కొలత తప్పకుండా వేయి, ఒక జిరాక్స్ నీ దగ్గర పెట్టుకో. పొలం నాన్న పేరు మీద ఉంటే ఆయన సంతకం కూడా పెట్టించు.