పాత మారుతి 800: ఇన్‌టేక్ గ్యాస్కెట్ లీక్ నిర్ధారణకు సలహా కావాలి

మా నాన్నగారి 1998 నాటి కార్బురేటర్ మారుతి 800ను విశాఖపట్నంలో ఇప్పుడు నేను నడుపుతున్నాను. ప్రాణంలా చూసుకునే బండి. కొంతకాలంగా ఇంజన్ వేడెక్కాక కూడా ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరగడం) నిలవడం లేదు. సిగ్నల్ దగ్గర వణికి ఆగిపోతోంది. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం లోటేమీ తెలియదు. యాక్సిలరేటర్ తొక్కితే సర్దుకుంటోంది కాబట్టి, ఎక్కడో అదనపు గాలి చొరబడుతోందని నా అనుమానం.

బానెట్ ఎత్తితే సన్నని బుస వినిపిస్తుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు వెళ్లే గొట్టం) అతుకు వెంట సబ్బునీళ్లు చల్లితే, ఒక చివర తడిసిన క్షణం బుస ఆగి ఇంజన్ కాసేపు కుదురుకుంది. వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కిపట్టి చూశాను, తేడా లేదు. కార్బురేటర్ క్లీనర్ చల్లమంటున్నారు గానీ, వేడి ఇంజన్ మీద మండే ద్రవం వాడడం నాకు ఇష్టం లేదు. కూలెంట్ తగ్గడం లేదు.

గాజువాక ఆటోనగర్ మెకానిక్ ఆ అతుకులోని గ్యాస్కెట్ (గాలి చొరబడకుండా మధ్యలో పెట్టే పలుచని పొర) మార్చేద్దామంటున్నారు. కార్బురేటర్ కింది గ్యాస్కెట్ కాదని ముందు ఎలా తేల్చుకోవాలి? అల్యూమినియం మానిఫోల్డ్ వంగి ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు కదా. స్కేలు, ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులు కొలిచే పలుచని రేకులు) చూసినప్పుడు ఎంత సందు వరకు ఫరవాలేదు? సముద్రపు ఉప్పుగాలికి మానిఫోల్డ్‌ను బిగించే మరలు (స్టడ్‌లు) తుప్పుపట్టి బిగుసుకున్నాయి. విరగకుండా విప్పే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పండి. ఇక్కడ మానిఫోల్డ్ ముఖాన్ని నమ్మకంగా చదును చేసే లేత్ షాపు ఉంటే అదీ చెప్పండి.